పదిహేడేళ్ల ఇద్దరి ప్రేమకథ, వైజాగ్‌లో, 25 లక్షల్లో: వయసు పెంచమంటున్నారు, ఏం చేయమంటారు?

మద్దిలపాలెం_సినిమా

అందరికీ నమస్కారం. ఒక చిన్న సినిమాకి స్క్రిప్టు పూర్తి చేశాను. ఒక చోట గట్టిగా ఇరుక్కుపోయాను, మీ అభిప్రాయం కావాలి. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

కథ టూకీగా ఇది. అబ్బాయిది గాజువాక, తండ్రి స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు. రెండేళ్లు హాస్టల్లో పెట్టి చదివిస్తే ఇంటర్ సెకండియర్‌లో రెండు సబ్జెక్టులు పోయి ఇంటికొస్తాడు. ఇంట్లో ఎవరూ తిట్టరు, అసలు మాట్లాడరు, అదే వాడికి ఎక్కువైపోతుంది. రాత్రి నిద్ర ఉండదు, పగలు అమ్మ పర్సులోంచి వందో రెండొందలో తీసుకుని దొరికిన బస్సెక్కి ఊరంతా తిరుగుతుంటాడు. అమ్మాయిది పెదజాలరిపేట. టెన్త్ తర్వాత చదువు ఆగిపోయింది, తల్లి లేదు, ఎనిమిదేళ్ల తమ్ముడు ఉన్నాడు, తండ్రి మరపడవ మీద కలాసీ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో తండ్రి ఇంట్లోనే ఉంటాడు, తాగుతాడు, కూతురి మీద చెయ్యి చేసుకుంటాడు. ఇంటర్ ఫలితాలు వచ్చేదీ ఏప్రిల్‌లోనే. అందుకని కథంతా ఆ 61 రోజుల్లోనే పెట్టాను. ఇద్దరూ ఫిషింగ్ హార్బర్‌లో, కట్టేసిన బోట్ల మధ్య కలుసుకుంటారు. ప్రేమ అనే మాట సినిమా మొత్తంలో ఎవరూ అనరు. ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం, వాడికి ఆమె చిరిగిన వల బాగుచేయడం నేర్పించడం, అంతే.

నిర్మాత దొరికారు, మంచి మనిషి, 25 లక్షలు పెడతానంటున్నారు. రెండు షరతులు. ఇద్దర్నీ డిగ్రీ చదివేవాళ్లుగా మార్చి 22, 23 ఏళ్ల నటుల్ని పెట్టాలి. చివర్లో ఇద్దరూ ఇల్లొదిలి వెళ్లి సింహాచలం కొండ మీద పెళ్లి చేసుకోవాలి. నాకేమో వయసు మారిస్తే కథే ఉండదనిపిస్తోంది, కానీ పిల్లలతో తీయడం చట్టపరంగా టెన్షన్ అని అందరూ భయపెడుతున్నారు. ఇలాంటివి తీసినవాళ్లు, ఆ పేటలు తెలిసినవాళ్లు, ఈ వయసు పిల్లల్ని రోజూ చూసేవాళ్లు ఎవరున్నా చెప్పండి.

---

ఫస్ట్_షో

నిర్మాత మొదటి షరతులో నటుల వయసు సంగతి నేను సమర్థిస్తాను. డబ్బు పెట్టేవాడి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కొత్త మొహాలు, స్టార్ లేడు, పాటలు ఉన్నాయో లేదో తెలియదు, పైగా మైనర్లు. సెన్సార్‌లో 'ఏ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ పడిందంటే టీవీకి అమ్ముకోలేరు, ఏ పిల్లల కోసం తీస్తున్నారో ఆ పిల్లలే హాల్లోకి రాలేరు. సినిమా చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యూఏ (పెద్దల తోడుతో పిల్లలూ చూసేది) లో 7, 13, 16 ఏళ్లు అని మూడు మెట్లు పెట్టారు, మీరు యూఏ 16 ప్లస్ దాటకుండా చూసుకోవాలి. అందుకే 19, 20 ఏళ్ల వాళ్లలో చిన్నగా కనిపించేవాళ్లని తీసుకోండి. కథలో వయసు పదిహేడే ఉంచండి. ఇది మధ్యేమార్గం కాదు, సినిమా బయటికి రావాలంటే ఇదే దారి.

పెళ్లి మాత్రం వద్దు, అందులో మీతోనే ఉన్నాను.

---

ఇంటర్_లెక్చరర్

నేను చాలాకాలంగా ఇంటర్ పిల్లలకి పాఠాలు చెబుతున్నాను, మీ కథలో అబ్బాయిలాంటి వాళ్లని ప్రతి ఏప్రిల్‌లో చూస్తాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. దయచేసి మార్చకండి. ఇరవై రెండేళ్ల అబ్బాయి పరీక్ష తప్పితే ఉద్యోగం చూసుకుంటాడు, ఊరు మారతాడు, కనీసం గట్టిగా గొడవ పెట్టుకుంటాడు. పదిహేడేళ్ల వాడికి ఆ తలుపులేవీ ఉండవు. వాడి చేతిలో డబ్బు లేదు, వాడి మాటకి ఇంట్లో విలువ లేదు, మేలో సప్లిమెంటరీ పరీక్ష తప్ప వాడి కళ్లముందు ఇంకో దారి ఎవరూ చూపించలేదు. అమ్మాయి పరిస్థితి ఇంకా ఇరుకు. మీ కథకి ప్రాణం ఆ ఇరుకులో ఉంది. డిగ్రీ చదివే ఇద్దరు బీచ్‌లో కూర్చుంటే అది అందరూ తీసే సినిమా.

పెళ్లి ముగింపు గురించి మీ నిర్మాతకి ఒక్కటి చెప్పండి. చట్టప్రకారం పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఆయన చెప్పినట్టు 22 చేస్తే పెళ్లి చెల్లుతుంది నిజమే, కానీ అప్పుడు వాళ్లిద్దరికీ అసలు సమస్యే లేదు. పదిహేడు ఉంచి పెళ్లి చేస్తే మీరు చూపిస్తున్నది బాల్యవివాహం, దానికి వెనకాల మంగళవాయిద్యాలు పెట్టినట్టు అవుతుంది. ఇంకో విషయం కూడా స్క్రిప్టులో ఎక్కడో ఒకచోట తగలాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం 18 నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే. ఇద్దరూ ఇష్టపడే వెళ్లారని ఎంత చెప్పినా ఆ ఇష్టానికి చట్టంలో చోటు లేదు. అమ్మాయి తండ్రి స్టేషన్‌కి వెళ్తే మామూలుగా కేసు పడేది అబ్బాయి మీద, వాడికి 18 నిండలేదు కాబట్టి జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాలి. ఇల్లొదిలి వెళ్లిన జంట కథలు రాసేవాళ్లు ఈ భాగం వదిలేస్తారు. మీరు వదలొద్దు. కేసు పెట్టించమని కాదు, పక్కింటావిడ ఒక్క మాటగా బెదిరించినా చాలు, ఆ భయం తర్వాత సీన్లన్నిటి మీదా ఉంటుంది.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెట్టే సంగతి. మీరు రాయలేదు గానీ, నిద్రపట్టని, ఎవరితోనూ మాట్లాడని, పరీక్ష తప్పిన అబ్బాయి అనగానే కథ ఎటు జారుతుందో నాకు తెలుసు. చనిపోవాలనుకునే సీను ఉంటే దాన్ని ఎలా తీస్తారన్నది ముఖ్యం. ఏ పద్ధతి, ఎక్కడ, దేంతో అన్నది తెర మీద కనపడకూడదు, చెప్పకూడదు. వాడు లేకపోతే అందరూ వాడి విలువ తెలుసుకుని ఏడ్చారు అన్నట్టు అసలు చూపించకూడదు, ఆ వయసులో అది చూసి నమ్మేవాళ్లు ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకాల వాళ్ల కోసమే ఒక మార్గదర్శకం తెచ్చింది, షూటింగ్‌కి ముందు మీ టీం అంతా కూర్చుని చదవండి. సినిమా మొదట్లో, చివర్లో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, పిల్లల కోసం 1098 నంబర్లు వేయండి. రెండు సెకన్లు వేసి తీసేయకుండా చదివేంతసేపు ఉంచండి.

అలాగే అమ్మాయి ప్రేమ వల్ల అబ్బాయి బాగుపడిపోయాడు అని తేల్చొద్దు. పదిహేడేళ్ల అమ్మాయి, ఇంట్లో దెబ్బలు తింటూ, తమ్ముణ్ణి చూసుకుంటూ, ఇంకొకడి బాధకి మందుగా కూడా మారాలా? నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఒక అమ్మాయి ఇదే మాట వేరేలా అడిగింది, "వాడు ఏమైనా చేసుకుంటే అది నా తప్పా మేడం" అని. ఆ ప్రశ్న మీ అమ్మాయి నోట్లో కాకపోయినా మొహంలో ఉండాలి. వాళ్ల పక్కన పెద్దవాళ్లు ఒక్కరైనా పనికొచ్చేవాళ్లు ఉండాలి, అంతా దుర్మార్గులే అయితే చూసే పిల్లలు ఇంక ఎవరికీ చెప్పుకోరు.

---

పెదజాలరిపేట

అక్కా, మా పేట కథ రాస్తున్నారు కాబట్టి కొన్ని చెప్పాలి, ఏమీ అనుకోవద్దు.

వల బాగుచేసేది మాలో మగవాళ్లు. ఆడవాళ్లు చేపలు కొనడం, అమ్మడం, ఎండబెట్టడం, ఉప్పు వేయడం చూస్తారు. తెల్లారి వేలంపాట దగ్గర నిలబడి బేరం చేసేది వాళ్లే, ఇంటికి డబ్బు తెచ్చేదీ చాలాసార్లు వాళ్లే. మీ అమ్మాయి వల నేర్పిస్తే మా వాళ్లు హాల్లోనే లేచి వెళ్లిపోతారు. నేనైతే ఆ సీను ఉంచి మనిషిని మారుస్తాను. అబ్బాయికి వల నేర్పేది అమ్మాయి తండ్రి. బోటు మీద వల పరుచుకుని కూర్చుంటాడు, కాలి బొటనవేలికి ఒక కొస తగిలించి బిగించి పట్టుకుంటాడు, చిరిగిన చోట ముందు పాడైన దారం అంతా కోసి పారేసి చెడని గడి, మంచి కన్ను అంటాం, అది దొరికేదాకా వస్తాడు, అక్కడ నుంచి ముడి మొదలవుతుంది. కొత్తవాడు ముందు ఆ కోయడానికే భయపడతాడు, చిరుగు పెద్దదైపోతోంది కదా అని. రాత్రి కూతుర్ని కొట్టినవాడే పొద్దున ఇంకొకరి కొడుక్కి ఓపిగ్గా ముడి వేయడం చూపిస్తుంటే ఆ పిల్ల గంప పట్టుకుని నిలబడి చూస్తుంది. మా ఇళ్లల్లో తండ్రులు అలాంటి వాళ్లే అక్కా. ఒకటే రంగు వేయకండి.

నిషేధం రోజుల్లో అందరూ తాగి పడుకోరు. బోటు గట్టెక్కించి చెక్క మారుస్తారు, రంగులు వేస్తారు, ఇంజిను విప్పుతారు, కొంతమంది కూలికి పోతారు. కలాసీకి జీతం ఉండదు, పట్టిన దాంట్లో వాటా, పట్టు లేకపోతే వాటా లేదు. ప్రభుత్వం ఇచ్చే వేట విరామ సాయం 10 వేలు ఉండేది, 2025లో 20 వేలు చేశారు. ఆ డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఫోన్ చూసుకోవడం, పడేలోపు బోటు ఓనరు దగ్గర అడ్వాన్సు, దుకాణంలో అప్పు, ఇదీ ఆ రెండు నెలలు. తాగుడు అందులోంచి వస్తుంది. ఆ అప్పు చూపించకుండా సీసా ఒక్కటే చూపిస్తే మమ్మల్ని తిట్టినట్టే ఉంటుంది.

ఇంకోటి, మరబోట్లకీ మోటారు పడవలకీ నిషేధం గానీ ఇంజిను లేని తెప్పలకి కాదు. కాబట్టి ఒడ్డుకి కాసిన్ని కవళ్లో నెత్తళ్లో వస్తూనే ఉంటాయి, రేటు మండిపోతుంది. మీ సినిమాలో చేప అసలు కనపడకపోతే తప్పు.

మీరు మాలో ఎవరినైనా పెట్టుకోవాలనుకుంటే పిల్లలు ముందుకొస్తారు. 2018లో కేరాఫ్ కంచరపాలెం ఆ పేట మనుషులతోనే తీశారు కదా, మా దగ్గర కూడా అంతకన్నా బాగా చేసేవాళ్లున్నారు. కానీ వాళ్ల పని రోజు పోతుంది, ఆ కూలి ఏ రోజుది ఆ రోజు ఇవ్వండి. సినిమా పూర్తయ్యాక ఇస్తాం అంటే ఎవరూ రారు, రాకూడదు.

---

సౌండ్_రికార్డిస్ట్

వయసు గొడవ పెద్దలు చూసుకుంటారు. నేను పని గురించి చెబుతాను.

హార్బర్‌లో నిషేధం రోజుల్లో తీయడం మీకు వరం, వందల బోట్లు కట్టేసి ఉంటాయి, సెట్ వేయక్కర్లేదు. అది పోర్టు కింద ఉంటుంది, కాబట్టి అనుమతి పోర్టు నుంచే రావాలి, నెల ముందే పెట్టుకోండి. చుట్టూ నేవీ, డ్రోన్ ఆలోచన స్క్రిప్టులోంచే తీసేయండి. మీ కథకి పై నుంచి చూసే షాటు అక్కర్లేదు కూడా.

రాత్రి సీన్లు బీచ్‌లో పెట్టినట్టున్నారు. అలల చప్పుడు అడుగున ఎప్పుడూ ఉంటుంది, దాన్ని తీసేయలేం, తీస్తే మాట కూడా పాడవుతుంది. మైకు మీద బొచ్చు కవరు వేసినా సాయంత్రం గాలికి ఆగదు. గుసగుసలు ఉన్న సీన్లన్నీ బోటు కేబిన్ లోపలికి, లేదా రెండు బోట్ల మధ్య సందులోకి మార్చండి, చెక్క గాలిని ఆపుతుంది, మాట దగ్గరగా వినిపిస్తుంది. బట్టల లోపల చిన్న మైకు పెట్టేటప్పుడు కాటన్ చొక్కా చూసుకోండి, సిల్కూ నైలానూ గరగరమంటాయి. ప్రతి సీను అయ్యాక అక్కడే, అదే గంటలో, కెమెరా లేకుండా ఆ మాటలు ఇంకోసారి చెప్పించి రికార్డు చేయండి. తర్వాత డబ్బింగ్ థియేటర్లో పదిహేడేళ్ల కొత్త పిల్లలతో అదే వణుకు మళ్లీ తెప్పించలేరు. డబ్బు లేనప్పుడు ముందు లైట్ల మీద కోత పెట్టండి, సౌండు మీద పెట్టొద్దు.

వెలుతురు గురించి ఒక్క మాట, కెమెరామన్ బయటి ఊరివాడైతే ముందే చెప్పండి. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, నీళ్లలోకి దిగడు. మేలో 5:30 లోపే తెల్లారిపోతుంది, ఏడు దాటితే మొహాల మీద ఎండ తెల్లగా కొడుతుంది. సాయంత్రం మాత్రం సూర్యుడు ఊరి వెనక్కి వెళ్లాక బీచ్ మీద నీడలేని మెత్తటి వెలుగు చాలాసేపు ఉంటుంది. నిద్రపట్టని అబ్బాయి కథకి తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా దొరికే వెలుతురు చాలు, జనరేటరు అద్దె మిగులుతుంది.

---

ఎడిట్_టేబుల్

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను, ఊరు మనదే.

ఫస్ట్_షో గారూ, 20 ఏళ్ల నటులు అన్నారు. అమ్మాయి, అబ్బాయి ఒకరినొకరు తాకే సీన్లు ఉంటే మీ మాటే కరెక్టు, 18 నిండనివాళ్లతో అలాంటివి ఊహించనే కూడదు. కానీ ఈ కథలో అవి లేవు కదా. పక్కన కూర్చోవడం ఉంది, వల ఉంది, గంప ఉంది. 20 ఏళ్ల నటుడు పదిహేడేళ్ల వాడి నడక నడిస్తే ఎడిటింగ్‌లో నాకు ప్రతి కట్‌లో తెలుస్తుంది, ఆ వయసు వాడు కుర్చీలో కూర్చోవడమే వేరుగా ఉంటుంది. కాబట్టి 17, 18 ఏళ్ల వాళ్లనే వెతకండి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తీసుకోండి, సెట్‌లో ఎప్పుడూ వాళ్ల మనిషి ఒకరు ఉండాలి, కొట్టే సీను తెర బయట జరగాలి. తమ్ముడి పాత్ర ఎనిమిదేళ్లు అన్నారు, అక్కడ రూల్సు గట్టివి. 14 లోపు పిల్లలకి కలెక్టర్ అనుమతి కావాలి, రోజుకు 5 గంటలు మించకూడదు, 3 గంటలు దాటి ఏకబిగిన పని చేయించకూడదు, వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్లవాడి పేర జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేయాలి. షెడ్యూల్ వేసేటప్పుడు తమ్ముడి సీన్లన్నీ ఉదయం పూటల్లోకి తెచ్చేయండి.

ముగింపు. మీ కథలోనే తేదీ ఉంది, బయట వెతకడం ఎందుకు? జూన్ 14 అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది, బోట్లన్నీ ఒక్కసారి కదులుతాయి, హార్బర్ ఖాళీ. వాళ్లు కలుసుకునే చోటే ఉండదు. అబ్బాయి సప్లిమెంటరీ రాశాడా లేదా అన్నది అప్పటికి తేలిపోయి ఉంటుంది. తండ్రి సముద్రం మీదికి వెళ్తే ఆ పిల్లకి దెబ్బలు ఉండవు, ఇంట్లో డబ్బు ఉంటుంది, కానీ ఆ అబ్బాయి ఉండడు. సంతోషమా బాధా అని ఆమెకే తెలియని చోట ఆపండి. విడిపోయారని చెప్పే సీను రాయకండి, మళ్లీ కలుస్తారనీ రాయకండి. నిర్మాతకి ఈ ముగింపు కాగితం మీద నచ్చదు, అందుకే ఆ ఒక్క రాత్రినీ ముందు విడిగా తీసి ఐదు నిమిషాల ముక్కగా చూపించండి. ఏటా ఒకే రాత్రి దొరుకుతుంది, రెండు కెమెరాలు పెట్టండి, మామూలు రోజు మళ్లీ తీద్దాం అంటే కుదరదు.

అమ్మకం గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. రఫ్ కట్ అయ్యాక గోవాలో ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే ఫిల్మ్ బజార్‌లో వర్క్ ఇన్ ప్రోగ్రెస్ ల్యాబ్‌కి పంపండి, పూర్తికాని సినిమాలనే అక్కడ చూస్తారు, చూసి కోతలు చెబుతారు. 25 లక్షల్లో ఓ నాలుగైదు లక్షలు షూటింగ్ అయ్యాక ఖర్చులకి పక్కన పెట్టి తాళం వేయండి. చిన్న సినిమాలు ఎక్కువగా ఆగిపోయేది కెమెరా ఆఫ్ చేశాకే. కేరాఫ్ కంచరపాలెం ముందు తీసి, తర్వాతే సురేష్ ప్రొడక్షన్స్ చేతికి వెళ్లి విడుదలైంది. పూర్తయిన సినిమా ఉంటేనే ఎవరైనా చూస్తారు.

---

ఫస్ట్_షో

తాకే సీన్లు లేవంటే నా అభ్యంతరం సగం పోయింది. మిగతా సగం డబ్బు గురించి, అది అలాగే ఉంది. నిర్మాతకి వయసు మార్చను అని మొదటి మాటగా చెప్పకండి, ముందు జూన్ 14 రాత్రి ముక్క చూపించాకే చెప్పండి.

---

మద్దిలపాలెం_సినిమా

అందరికీ చాలా చాలా థాంక్స్. పొద్దున్నుంచి స్క్రిప్టు పక్కన పెట్టుకుని మీ రిప్లైలే చదువుతున్నాను.

వల సీను మార్చేశాను, ఇప్పుడు తండ్రీ అబ్బాయీ. రాసి చూస్తే తండ్రికి ఇంకో మూడు సీన్లు వాటంతటవే వచ్చాయి, అప్పుతో సహా. తమ్ముడి వయసు పెంచను, రూల్సు ప్రకారమే వెళ్తాం. లెక్చరర్ గారూ, ఆత్మహత్య ఆలోచన స్క్రిప్టులో ఉంది, మీరు ఊహించింది నిజమే. అందులో ఒక చోటు పేరు, ఎలా అన్నదీ ఉన్నాయి, రెండూ తీసేస్తున్నాను. వాడు ఎవరికి చెబుతాడన్నది ఇంకా తేల్చుకోలేదు. అమ్మాయికి మాత్రం కాదు. బస్సులో రోజూ చూసే కండక్టరమ్మ ఒకావిడ ఉంది కథలో, రెండు డైలాగులే, ఆవిడ్ని పెంచాలనుకుంటున్నాను. మీ దగ్గరికి వచ్చే పిల్లలు ముందుగా ఎవరితో నోరు విప్పుతారు, ఇంట్లో వాళ్లతోనా బయటివాళ్లతోనా? వీలుంటే అది చెప్పండి.

పెదజాలరిపేట తమ్ముడూ, ఆదివారం సాయంత్రం పేటకి రావచ్చా? ఇంకా ఎవర్నీ ఎంపిక చేయడానికి కాదు, స్క్రిప్టు చదివి వినిపించడానికి. ఆడవాళ్లు కూడా ఉంటే బాగుంటుంది, ముఖ్యంగా వేలంపాట దగ్గర బేరం చేసేవాళ్లు.

---

పెదజాలరిపేట

రండి అక్కా. ఆదివారం ఆరు తర్వాత అయితే మా పిన్ని వాళ్లు మార్కెట్ నుంచి వచ్చేసి ఉంటారు. రామాలయం అరుగు మీద కూర్చుందాం, ఇంట్లో అయితే అందరూ పట్టరు. తండ్రి కొట్టే సీను చదివేటప్పుడు ఆపకుండా చదవండి, వాళ్లు ఏమంటారో మీరే వినండి.

---

ఇంటర్_లెక్చరర్

ఇంట్లో వాళ్లతో చాలా తక్కువమంది. స్నేహితుడికి మెసేజ్ పెట్టి వెంటనే డిలీట్ చేసేవాళ్లు ఎక్కువ. పెద్దవాళ్లలో అయితే తమని మార్కులు అడగని మనిషితో, వంటమనిషి, వాచ్‌మన్, లైబ్రరీ అటెండరు. మీ కండక్టరమ్మ సరైన మనిషే. ఆవిడ చేత సలహా చెప్పించకండి. టికెట్ కొట్టి, చిల్లర ఇచ్చి, "తిన్నావా" అని అడిగితే చాలు, ఆ తర్వాత ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో ఆవిడకి తెలియాలి, అంటే చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఓపీకో, 14416కో. ఆ సీను రాశాక నాకు పంపండి, మా పిల్లల చేత చదివిస్తాను.